మాఘమాసంలో ఊరి లెక్క



పల్లెటూరి మనిషిని మీ ఊరు ఎంత పెద్దదని అడిగి చూడండి. ఇంతమంది జనం అని చెప్పడు. "మూడొందల గడప ఉంటది" అంటాడు. ఆ మాట అనే ముందు అతని మనసు ఊరంతా ఒక చుట్టు తిరిగి వస్తుంది. చావడి వెనక ఇళ్ళు, గొల్లగేరి, మాదిగవాడ, చెరువు కట్ట కింది ఇళ్ళు, కొత్తగా వెలసిన కాలనీ, అన్నీ చూసుకుని అప్పుడు ఒక అంకె చెబుతాడు. ఆ గడపల్లో కొన్నింటికి తాళం ఉంటుంది. తాళం ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు అతని లెక్కలోంచి పోదు. ఆ ఇంటివాళ్ళు ఉగాదికి వస్తారని అతనికి తెలుసు.

సర్కారు లెక్క వేరు. అది తలల లెక్క. ఫలానా రోజుల్లో ఊళ్ళో కనిపించిన తలలే ఆ ఊరి జనాభా. ఒక చిన్న సేద్యపు పల్లె చరిత్ర తెలియాలంటే ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. వాటి మధ్య మిగిలిన తేడాలోనే ఆ ఊరి అసలు కథ ఉంటుంది. ఈ పూట మీతో పంచుకోదలచిన మాట ఇదే.

మాట గాలికి పోకుండా ఒక ఊరిని పట్టుకుని చెబుతాను. మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర మండలంలో డోకూరు అని ఒక పల్లె ఉంది. మా పాలమూరు పల్లెలన్నింటికీ ఉన్నట్టే దానికీ ఎర్ర చెల్కలు, చెరువు కింద వరి మళ్ళు, ఏడాదికి సగటున 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వాన. ఆ వాన కూడా ఒక ఏడు కురిస్తే రెండేళ్ళు ముఖం చాటేస్తుంది. పాలమూరు పట్టణానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద 1890లో మహబూబ్‌నగర్ అని కొత్త పేరు వచ్చింది. పేరు మారినా కరువు మారలేదు. అందుకే మా జనం నోట ఇప్పటికీ ఇది పాలమూరే, ఇక్కడి కూలీ దేశమంతటా పాలమూరు లేబరే.

ఇలాంటి ఊరి చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? కోస్తా జిల్లాల్లోనూ రాయలసీమలోనూ చాలా పల్లెలకు కైఫీయతులున్నాయి. కర్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు 200 ఏళ్ళ కిందట కరణాల దగ్గరి కవిలెలను ఆధారం చేసుకుని రాయించిన స్థానిక చరిత్రలవి. నిజాం ఏలుబడిలో ఉన్న మా పల్లెలకు ఆ భాగ్యం అంతగా దక్కలేదు. మాకున్నవి పట్వారీ దస్తరాలు. భూమిని కొలిచి, సర్వే నంబర్లు వేసి తయారుచేసిన సేత్వార్ ఒకటి. 1954-55లో రాసిన ఖాస్రా పహాణీ మరొకటి. ఖాస్రా పహాణీ తెరిస్తే ఏ సర్వే నంబరు ఎన్ని ఎకరాలు, పట్టాదారు ఎవరు, కబ్జాలో ఎవరున్నారు, ఆ భూమి తరియా ఖుష్కీయా అన్నీ తెలుస్తాయి. తరి అంటే నీటి పారుదల ఉన్న మాగాణి, ఖుష్కీ అంటే మెట్ట. ఏ చెరువు శిఖం, అంటే చెరువు అడుగు భూమి, ఎంతమేర ఉందో కూడా అందులో దొరుకుతుంది.

అయితే ఆ పహాణీలో ఊరు మొత్తం లేదు. భూమి ఉన్నవాళ్ళే ఉన్నారు. జీతగాడు లేడు. నాట్లు వేసిన ఆడకూలి లేదు. చెరువుకు నీరడిగా ఉండి, రాత్రిళ్ళు తూము కాడ పడుకుని, ఎవరి మడికి ఎంత నీళ్ళో పంచిన మనిషి పేరు కూడా అతనికి ఇనాం భూమి ఉంటేనే కనిపిస్తుంది. జనగణన దీనికి పూర్తిగా తలకిందులు. అందులో చంటిపిల్లతో సహా అందరూ ఉన్నారు, కానీ పేర్లు బయటికి రావు. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం మనం చెప్పిన వివరాలను ఎవరికీ చూపించకూడదు. ఆ కట్టుబాటు మన మేలు కోసమే. ఏమైనా ఒక దస్తరంలో పేర్లున్నాయి, మనుషులు చాలరు. మరో దస్తరంలో మనుషులున్నారు, పేర్లు లేవు.

మూడో దస్తరం ఒకటి ఉండేది. అది కాగితం మీద కాక మనుషుల నోళ్ళలో ఉండేది. కొన్నేళ్ళకొకసారి వంశరాజులు ఊళ్ళోకి వచ్చేవాళ్ళు. గడప గడపకూ పోయి ఆ ఇంటి తాతముత్తాతల పేర్లు, గోత్రం, ఏ ఊరి నుంచి వలస వచ్చారో పాడి చెప్పేవాళ్ళు. కొత్తగా పుట్టిన పిల్లల పేర్లు అడిగి తమ జ్ఞాపకంలో చేర్చుకునేవాళ్ళు. డక్కలివాళ్ళు మాదిగ వాడలో జాంబపురాణం చెప్పేవాళ్ళు. భూమిలేని కుటుంబానికి కూడా వంశం ఉందని, చరిత్ర ఉందని గుర్తుచేసినవాళ్ళు వీళ్ళే. వాళ్ళ రాక తగ్గిన కొద్దీ మన పల్లెల జ్ఞాపకం పొట్టిదైపోయింది. ఇవాళ ముత్తాత పేరు అడిగితే తడుముకోని ఇల్లు అరుదు.

పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ప్రచురించారు. రాజుల గెలుపు ఓటములను పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నదే చరిత్ర అని చూపించిన పుస్తకం అది. ఆ చూపును ఒక్క ఊరికి కుదించి చూసుకుంటే ఎలా ఉంటుందా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇక జనాభా సంగతికి వద్దాం. హైదరాబాద్ రాజ్యంలో 1881 నుంచి పదేళ్ళకొకసారి జనాన్ని లెక్కపెట్టారు. 1911లో రాజ్యం మొత్తం జనాభా 1 కోటి 33 లక్షల 74 వేలు. 1921లో 1 కోటి 24 లక్షల 71 వేలు. పదేళ్ళలో పెరగాల్సింది పోయి 9 లక్షలు తగ్గింది. 1918లో వానలు ఎగ్గొట్టాయి. అదే ఏడాది ఇన్‌ఫ్లుయెంజా జ్వరం దేశాన్ని ఊడ్చేసింది. ప్లేగు, గత్తర అనే కలరా అంతకుముందు నుంచే ఉన్నాయి. గత్తర వచ్చిందంటే ఊరు ఊరంతా ఖాళీ చేసి చేలల్లో గుడిసెలు వేసుకునేవాళ్ళని మా పెద్దలు చెప్పేవాళ్ళు. ఏ పల్లెలో ఎన్ని గడపలు ఆరిపోయాయో విడివిడిగా ఎవరూ రాయలేదు. 9 లక్షలు అన్న ఆ అంకెను పల్లెలకు పంచుకుంటే, ప్రతి ఊళ్ళోనూ దీపం పెట్టే దిక్కులేని కొన్ని ఇళ్ళు కనిపిస్తాయి. పాత ఊళ్ళలో "పాడుబడ్డ గడి", "పాటిమీద" అని పిలిచే జాగాల్లో పునాది రాళ్ళు తగిలినప్పుడు నాకు ఆ అంకె గుర్తొస్తుంది.

చావులు తగ్గాక జనం పెరిగారు. భూమి పెరగలేదు, పంచుకుంటూ పోయారు. స్వతంత్రం వచ్చాక 1961 జనగణనలో ఒక మంచి పని జరిగింది. కొన్ని పల్లెలను ఎంచుకుని, అక్కడి ఇళ్ళు, తిండి, పెళ్ళిళ్ళు, పండుగలు, అప్పులు, చేతివృత్తులు అన్నీ వివరంగా రాసి గ్రామ సర్వే గ్రంథాలుగా వేశారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని జనగణన సూపరింటెండెంట్ ఎ. చంద్రశేఖర్ గారి ఆధ్వర్యంలో జరిగింది. తలల లెక్క గడప లోపలికి తొంగిచూసిన సందర్భం అది.

డోకూరు కథలో పెద్ద మలుపు 1975. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ వర్షాధార పల్లెలను దగ్గరగా చూడాలని ఆరు ఊళ్ళను ఎంచుకుంది. మహారాష్ట్రలో నాలుగు, మన పాలమూరులో రెండు. ఆ రెండింటిలో ఒకటి మాడ్గుల దగ్గరి ఔరేపల్లె, రెండోది డోకూరు. ఊరికి 40 కుటుంబాలు. కూలీలవి 10, సన్నకారు, మధ్యతరగతి, పెద్ద రైతులవి పదేసి. లెక్కలు రాసే మనిషి ఊళ్ళోనే కాపురం ఉండేవాడు. మూడు నాలుగు వారాలకొకసారి ఇంటింటికీ పోయి ఏం పండింది, ఏం తిన్నారు, ఎంత కూలి వచ్చింది, ఎవరికి ఎంత బాకీ ఉన్నారు అని అడిగి రాసుకునేవాడు. ఈ చిన్న ఊళ్ళ లెక్కలను పట్టుకుని ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు పుస్తకాలు రాశారు. ఒక రకంగా ఇది గడప లెక్కే. ఎవరు ఉన్నారని మాత్రమే కాక, ఎలా బతికారని అడిగిన లెక్క.

1975లో ఆ ఊళ్ళన్నింటిలో నీటి వసతి మెరుగ్గా ఉన్నది డోకూరే. చెరువుల కింద, బావుల కింద వరి పండేది. చెల్కల్లో పల్లికాయ వేసేవాళ్ళు. కొన్నేళ్ళ తర్వాత ఆగిన ఆ పరిశోధన 2001లో మళ్ళీ మొదలైంది. అప్పటికి ఊరి రూపం మారిపోయింది. ఏళ్ళ తరబడి వానలు సరిగా లేవు. చెరువుల్లోకి నీళ్ళు రాలేదు. మోటబావులు ఎండాయి, బోర్లు లోతుకు పోయాయి. ఒకప్పుడు వరి అన్నం పెట్టిన ఊరికి ఇప్పుడు వలస కూలే ప్రధాన ఆదాయమైందని ఆ లెక్కలు చెప్పాయి.

చెరువుకూ జనాభాకూ ఉన్న ముడి ఇక్కడ తెలుస్తుంది. చెరువు నిండితే తూము తెరుస్తారు. నారు పోస్తారు. దున్నేవాడికి, నాటేవాళ్ళకు, కలుపు తీసేవాళ్ళకు, కోసేవాళ్ళకు ఆరు నెలలు పని. కమ్మరి కొలిమి వెలుగుతుంది. కుమ్మరి ఆవం కాలుతుంది. మత్తడి దుంకిందంటే ఆ ఏడు ఊళ్ళో పెళ్ళిళ్ళు. చెరువు ఎండితే దసరా పోగానే మూట సర్దుకోవడమే. చెరువు ఊళ్ళో మనుషులను పట్టి ఉంచే కట్టు. 2014-15లో తెలంగాణలో 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలని మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు, అది నీళ్ళ పథకమే కాదు, మనుషులను ఊళ్ళో నిలిపే పథకం కూడా అని నాకు తోచింది. దేవరకద్ర పక్కనే ఉన్న కోయిల్‌సాగర్‌కు కృష్ణా నీళ్ళు ఎత్తిపోస్తున్నారు. నీళ్ళు వచ్చిన చోట తాళాలు తీసిన ఇళ్ళున్నాయి. రాని చోట తాళాలు అలాగే ఉన్నాయి.

మా వైపు వలసను "బతకపోవుడు" అంటారు. పోవడం అన్న మాటకు ముందు బతుకు ఉంది చూడండి. గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు పాత బాకీకో పెళ్ళి ఖర్చుకో అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆలుమగలిద్దరూ పోతారు, ఎందుకంటే మట్టిపనికి జంటను అడుగుతారు. నాగార్జునసాగర్ వంటి ఆనకట్టల కింద పాలమూరు మనుషుల చెమట ఉంది. బొంబాయి, పుణె మేడల్లో ఉంది. హైదరాబాద్ కొత్త పేటల్లో ప్రతి అంతస్తులో ఉంది. ఇంటి దగ్గర ముసలివాళ్ళు, వాళ్ళ కొంగు పట్టుకుని బడిపిల్లలు. తాత అవ్వ లేని పిల్లల చదువు ఆగిపోకుండా సర్కారు సీజనల్ హాస్టళ్ళు పెట్టాల్సి వచ్చింది. 2011లో ఉమ్మడి పాలమూరు జిల్లా జనాభా 40 లక్షల 53 వేలు. నూటికి 85 మంది పల్లెల్లోనే. అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలోకీ తక్కువ. తల్లిదండ్రుల వెంట పనికాడికి పోయిన పిల్ల ఆ శాతంలో ఎక్కడ ఉందో వేరే చెప్పాలా?

ఇప్పుడు ఒక చిన్న సంగతి జాగ్రత్తగా వినండి. 2011 జనగణనలో మనుషులను లెక్కపెట్టింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రిని ప్రమాణంగా తీసుకున్నారు. మన పంచాంగం ప్రకారం ఆ రోజులు మాఘమాసం, శివరాత్రికి ముందు. వానాకాలం పంట ఇంటికి చేరి ఎన్నాళ్ళో అయింది. యాసంగికి నీళ్ళు లేని ఊళ్ళో ఆ నెలలో పని ఉండదు. బతకపోయిన జనం ఉగాదికి గాని, మృగశిర కార్తె ముందు గాని తిరిగి రారు. ఏడాది మొత్తంలో పాలమూరు పల్లె బోసిపోయి ఉండే రోజులవి. జనగణన నియమం ఏమంటుందంటే, ఆ 20 రోజుల్లో ఒక్కసారి కూడా ఊళ్ళో లేని మనిషిని ఆ ఊళ్ళో రాయకూడదు, అతను ఉన్న చోటనే రాయాలి. దేశం మొత్తానికి ఆ నియమం సరైనదే, ఒకే మనిషిని రెండుసార్లు రాయకుండా కాపాడుతుంది. కట్టుబడి జాగాలో రేకుల గుడిసె దాకా పోయి రాసుకుంటే ఆ మనిషి నగరం లెక్కలో చేరతాడు. అక్కడ తప్పిపోతే ఎక్కడా ఉండడు. ఎలా చూసినా వలసపల్లె జనాభా కాగితం మీద తగ్గుతుంది.

తగ్గితే ఏమవుతుంది? పంచాయతీలో ఎన్ని వార్డులో తేల్చేది జనాభా. కేంద్ర ఆర్థిక సంఘం నిధుల పంపకంలో జనాభాకే పెద్దపీట. ఆహార భద్రతా చట్టం కింద ఎంతమందికి బియ్యమో లెక్కకట్టింది 2011 జనాభా మీదనే. కూలి కోసం మాఘంలో ఊరు విడిచిన కుటుంబం, తనకు తెలియకుండానే తన ఊరి వాటాను కూడా మూటగట్టుకుని పోయినట్టు అవుతుంది. ఈ అన్యాయాన్ని తలచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

ఊరు విడిచేది కూలివాళ్ళే అనుకోకండి. ప్రతి పల్లెలోనూ పుట్టిన ఆడపిల్లల్లో చాలామంది పెళ్ళితో వేరే ఊరు పోతారు. వేరే ఊరి ఆడపిల్లలు ఇక్కడికి వస్తారు. దేశంలో ఆడవాళ్ళు ఊరు మారడానికి మొదటి కారణం పెళ్ళేనని జనగణన పట్టికలు చెబుతాయి. ఇక్రిశాట్ పల్లెల లెక్కలను పట్టుకుని మార్క్ రోజెన్‌వీగ్, ఓడెడ్ స్టార్క్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1989లో ఒక సంగతి చూపించారు. వర్షాధార పల్లెల్లో కూతుళ్ళను దూరపు ఊళ్ళకు ఇవ్వడం వెనక ఒక ఆలోచన ఉంది. ఇక్కడ వాన తప్పిన ఏడు అక్కడ కురవవచ్చు. వియ్యంకుడి గింజలు ఈ ఇంటిని ఆదుకుంటాయి. కరువు ఏడు అల్లుడి ఊరి నుంచి జొన్నల మూట దిగడం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. మన అవ్వలు దీన్ని ఏ బడిలోనూ చదవకుండానే పాటించారు. ఊరి బంధుత్వాలన్నీ గీత గీసి చూస్తే ఊరి హద్దు సర్వే రాయి దగ్గర ఆగదు.

కాగితం హద్దులు కూడా స్థిరం కావు. 2018లో తెలంగాణలో తండాలు, గూడేలు విడివడి కొత్త పంచాయతీలయ్యాయి. మొత్తం పంచాయతీలు 12,751కి చేరాయి. తండా వేరుపడిన ఊరి జనాభా ఒక్క రోజులో తగ్గింది. ఎవరూ చనిపోలేదు, ఎవరూ వలస పోలేదు. శివారు బతుకు నుంచి తండా సొంత ఊరు అయింది. ఈ సంగతి తెలియకుండా పాత అంకెనూ కొత్త అంకెనూ పోలిస్తే తప్పు చరిత్ర రాసినట్టే.

ఊళ్ళో ఉన్నవాళ్ళ బతుకు కూడా మారింది. 2001లో దేశం మొత్తం మీద సాగుదార్లు 12 కోట్ల 73 లక్షలు, వ్యవసాయ కూలీలు 10 కోట్ల 68 లక్షలు. 2011 నాటికి సాగుదార్లు 11 కోట్ల 87 లక్షలకు తగ్గారు. కూలీలు 14 కోట్ల 43 లక్షలకు పెరిగారు. పదేళ్ళలో పల్లె పొలం గట్టు దిగి కూలి అడ్డా మీద నిలబడింది. పహాణీలో పేరున్న తాతకు మనవడై కూడా, తన పేరు మీద భూమి లేని తరం ఇది.

2021లో జరగాల్సిన లెక్క జరగలేదు. రాబోయే జనగణనకు 2027 మార్చి 1ని ప్రమాణంగా ప్రకటించారు. అంటే మనుషుల లెక్క ఈసారీ ఫిబ్రవరిలోనే, మళ్ళీ మాఘమాసంలోనే. అందుకని పల్లెలకు నా విన్నపం రెండు మాటలు.

మొదటిది. మీ ఊరి నుంచి బతకపోయినవాళ్ళు ఎక్కడున్నారో ఇప్పుడే తెలుసుకోండి. వాళ్ళున్న చోటికి గణకుడు రావాలని, రాకపోతే అడగాలని, ఇదివరకు ఏ ఊళ్ళో ఉన్నారంటే సొంత ఊరి పేరు, ఎందుకొచ్చారంటే పని కోసమని చెప్పాలని ఫోన్లో చెప్పండి. 2011లో ఆ ప్రశ్నలు ఉన్నాయి. ఆ జవాబుల వల్లనే ఏ జిల్లా నుంచి ఎంత జనం కదిలారో దేశానికి తెలుస్తుంది.

రెండోది. మీ ఊరి పుస్తకం మీరే రాసుకోండి. ఖరీదైనది అక్కర్లేదు, బడిపిల్లలు వాడే 200 పేజీల నోటుబుక్కు చాలు. ఒక్కో గడపకు ఒక పేజీ. తాతముత్తాతల పేర్లు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ ఊరికి కూతుళ్ళను ఇచ్చారు, ఏ ఊరి కోడళ్ళు వచ్చారు, ఏ చెరువు కింద మడి, ఏ ఏడు బావి ఎండింది, ఏ ఏడు ఎవరు ఎక్కడికి పోయారు. బడిపిల్లలతో రాయించండి. ముసలివాళ్ళను కూర్చోబెట్టి చెప్పించండి. భూమిలేని ఇంటికీ అంతే పేజీ ఇవ్వండి. వాళ్ళ పేర్లు పహాణీలో లేవు గనుక ముందు వాళ్ళవే రాయండి. ఎవరు ఏ సంగతి చెప్పవద్దంటే అది రాయకండి.

తాళం వేసిన ఇంటి దగ్గరికి వచ్చినప్పుడు ఆ పేజీ వదిలి పోకండి. పక్కింటి అవ్వను పిలిచి అడగండి. ఆమె చెబుతుంది, "వాళ్ళు పుణెకు పోయిండ్రు బిడ్డా, ఉగాదికి వస్తరు" అని. ఆ మాట ఉన్నది ఉన్నట్టు రాసి, కింద తేదీ వేయండి. వాళ్ళు వచ్చిన రోజున ఆ పేజీ తీసి చదివి వినిపించండి.